సంచి మీద ‘మాగిన ఎరువు’ అని ఉంటే సరిపోదండి… వేసే ముందు ఈ పరీక్షలు చేయండి

ఇంటి దగ్గర పశువులు లేనివాళ్లు ఇప్పుడు పెరటి తోటలకు, మిద్దె తోటలకు నర్సరీల్లో దొరికే సంచి ఎరువులే వాడుతున్నారు. పశువుల ఎరువు, గొర్రె మేకల ఎరువు, కోళ్ల ఎరువు అన్నీ సంచుల్లో వస్తున్నాయి. వీటితో నేల బాగుపడుతుంది, అందులో అనుమానం లేదు. కాకపోతే సంచి కొన్న రోజే మొక్కకు వేస్తే ఏమవుతుందో నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. ఆ సంగతే ఈ వీడియోలో చూపించాను, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా ఇంటి వెనక నేల అంతా ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇసుక, కంకర కలిసిన మట్టి. వానపాము అన్నదే కనపడదు. దాన్ని బాగుచేద్దామని 40 కిలోల సంచులు ఆరు తెచ్చాను. వంద చదరపు అడుగుల మడులు రెండు తవ్వి, నాలుగు సంచులు గుమ్మరించి, సాయంత్రానికి వంగ, టమాట నారు నాటేశాను. వారం తిరక్కుండానే ఆకుల అంచులు మాడాయి. సగానికి పైగా నారు పోయింది. తెగులేమో అనుకుని కషాయం కొట్టబోతుంటే మా అమ్మ మిగిలిన సంచి విప్పి, లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. “ఒరేయ్, ఇది ఇంకా వేడిగా ఉంది, ఘాటు వాసన కొడుతోంది. పచ్చెరువు వేసి మొక్కను ఉడకబెట్టావురా” అంది.

పచ్చి ఎరువు ఎందుకు చెరుపు చేస్తుంది?

చివకని ఎరువు మట్టిలో పడగానే అక్కడే చివకడం మొదలుపెడుతుంది. అప్పుడు వేడి పుడుతుంది, అమ్మోనియా వస్తుంది. రెండూ లేత వేళ్లను కాలుస్తాయి. ఎరువులో గడ్డి, ఊక, రంపపు పొట్టు ఎక్కువుంటే వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనినే లాగేసుకుంటాయి, మొక్క పసుపెక్కుతుంది. కోళ్ల ఎరువులో ఊక కలిసి ఉండటం మామూలే. ఇవి కాక చెదలు, వేరు పురుగులు, తుంగ, వయ్యారిభామ విత్తనాలు పచ్చి ఎరువుతోనే తోటలోకి వస్తాయి.

ఇంట్లోనే చేసుకునే మూడు పరీక్షలు

1. చేతి పరీక్ష: సంచి మధ్యలోకి చెయ్యి పెట్టండి. చల్లగా, పొడిపొడిగా ఉండి, తొలకరి మట్టి వాసన రావాలి. పేడ కడ్డీలు, గడ్డి పరకలు గుర్తుపట్టేలా ఉంటే ఇంకా మాగలేదని అర్థం.

2. కవరు పరీక్ష: గుప్పెడు ఎరువు తడిపి, పాలిథిన్ కవరులో గాలి పోకుండా కట్టి మూడు రోజులు ఉంచండి. విప్పగానే ముక్కు మండినా, కుళ్లు వాసన వచ్చినా వాడొద్దు.

3. గింజల పరీక్ష: ఒక గ్లాసులో ఒట్టి మట్టి, ఇంకో గ్లాసులో సగం మట్టి, సగం ఎరువు. రెండింటిలో పదేసి పెసలు వేసి వారం చూడండి. ఎరువు గ్లాసులో మొలకలు తగ్గినా, వంకరపోయినా, వేళ్ల కొసలు గోధుమరంగుకు తిరిగినా ఎరువు ఇంకా ఆగాలి.

పచ్చిగా ఉంటే పారేయాలా?

అక్కర్లేదండి. నీడలో కుప్ప పోయండి. గుప్పిట పట్టి పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు, అంత తడి చాలు. గోనె సంచులు కప్పి పది రోజులకోసారి తిరగేయండి. వానకు తడవనివ్వొద్దు, సారమంతా కొట్టుకుపోతుంది. పశువుల ఎరువు నాకు నెలన్నరలో తయారైంది. కోళ్ల ఎరువైతే ఎండుటాకులు కలిపి మూడు నెలలైనా ఆగండి. చల్లారిన తర్వాత 45 కిలోల ఎరువుకు 5 కిలోల వేపపిండి, ఒక కిలో ట్రైకోడెర్మా విరిడి కలిపి, తేమ ఆరకుండా వారం పది రోజులు ఉంచితే వేరుకుళ్లు, ఎండు తెగుళ్లకు కూడా పనికొస్తుంది. వేడి మీద ఉన్న కుప్పలో మాత్రం కలపకండి, ఆ శిలీంధ్రం చచ్చిపోతుంది.

ఎంత వేయాలి?

నా రెండో తప్పు ఇక్కడే. కూరగాయలకు ఎకరానికి 10 టన్నుల పశువుల ఎరువు వేస్తాం కదా. ఆ లెక్కన వంద చదరపు అడుగులకు 23 కిలోలు. నేను వేసింది 80 కిలోలు! మామూలు పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం. గొర్రె మేకల ఎరువులో, కోళ్ల ఎరువులో 3 శాతం దాకా ఉంటుంది, అంటే ఆరింతలు. కాబట్టి అవి అదే మడికి 4 కిలోలు చాలు. పై జానెడు మట్టిలో బాగా కలిపి, తడిపి, వారం పది రోజులాగి నాటండి. పైన ఎండుగడ్డి కప్పడం మరవొద్దు.

కొనేటప్పుడు సంచి బరువు చూసి మోసపోకండి. తడిగా ఉందంటే నీళ్లకు డబ్బులిస్తున్నట్టే. పచ్చిగా తినే ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్ మడుల్లో పచ్చి ఎరువు అసలు వద్దు, రోగాలు తెచ్చే క్రిములు అందులో ఉండొచ్చు.

నా మడుల సంగతి చెప్తాను. ఆ రెండింటినీ నెలన్నర ఖాళీగా వదిలి, తడుపుతూ, రెండుసార్లు తిరగతవ్వాను. ఇంకేమీ వేయకుండానే మళ్లీ నారు పెట్టాను. ఈసారి ఒక్కటీ మాడలేదు. మొన్న కలుపు తీస్తుంటే గడ్డి కింద రెండు వానపాములు కనపడ్డాయి. వీడియో చివర్లో చూపించింది వాటినేనండి. ఆవు ఉన్నవాళ్లకు ఘనజీవామృతం ఉండనే ఉంది. సంచి కొనక తప్పనివాళ్లు మాత్రం ముందు పది పెసలు వేసి చూడండి. ఆ వారం ఓపిక పడితే నారు దక్కుతుంది.