ఛార్జిషీటు పడితే శిక్ష పడ్డట్టేనా?

ఫలానావాడి మీద ఛార్జిషీటు పడిందంటే చాలు, ఇక వాడి పని అయిపోయిందని మనవాళ్లు తేల్చేస్తారు. కారంచేడు కేసు ఎరిగినవాళ్లు అంత తొందరపడరు.

అపోహ: ఛార్జిషీటు, అభియోగం రెండూ ఒకటే.

కావు. ఛార్జిషీటు పోలీసులది, దర్యాప్తు ముగించి కోర్టుకిచ్చే నివేదిక. అభియోగం జడ్జి రాసేది. కాగితాలు చూసి, ఇరుపక్షాల మాట విని, విచారించదగ్గ ఆధారం ఉందనిపిస్తేనే రాస్తారు. లేకపోతే నిందితుణ్ణి అక్కడే వదిలేస్తారు. ఏ నేరం, ఏ సెక్షను, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మీద జరిగిందో అందులో ఉండాలి. దాన్ని నిందితుడికి చదివి వినిపించి, నేరం ఒప్పుకుంటావా, విచారణ కోరతావా అని అడుగుతారు. అసలు విచారణ ఆ తర్వాతే.

అపోహ: గుంపులో ఉన్నాను గానీ నేను కొట్టలేదంటే కేసు నిలవదు.

1985 జులై 16న కారంచేడు మాదిగపల్లెలో, తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దన్నందుకు గొడవ రేగింది. దెబ్బలు కాచుకోవడానికి ఒకామె ఎత్తింది నీళ్ల బిందె. మర్నాడు పల్లె మీద గుంపు పడింది. ఆరుగురు హతులయ్యారు, మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తారు. ప్రాణభయంతో పారిపోయేవాడు ఎవరి గొడ్డలి ఎవరికి తగిలిందో ఎలా చెప్పగలడు? ఐపీసీ 149 ఇలాంటి సందర్భాలకే ఉండేది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 190. ఐదుగురో అంతకుమించో ఒకే దురుద్దేశంతో చేరితే, దానికోసం ఒకరు చేసిన నేరం అందరి నెత్తికీ చుట్టుకుంటుంది.

అపోహ: కారంచేడుది అట్రాసిటీ కేసు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది 1989లో, అమల్లోకి వచ్చింది 1990 జనవరిలో. నేరం నాటికి లేని చట్టం కింద శిక్షించడానికి రాజ్యాంగం 20వ అధికరణ ఒప్పుకోదు. తెనాలి దగ్గరి చుండూరులో 1991లో హత్యలు జరిగేనాటికి మాత్రం ఆ చట్టం ఉంది.

అపోహ: పైకోర్టు కొట్టేస్తే నేరమే జరగనట్టు.

అనుమానానికి తావులేకుండా రుజువు కాలేదనడం వేరు, అసలేమీ జరగలేదనడం వేరు. పైగా కొట్టేసినంత మాత్రాన కథ ముగియదు. కారంచేడు కేసులో కింది కోర్టు వేసిన శిక్షలను హైకోర్టు రద్దు చేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల జైలు వేసింది. అప్పటికి ఘటన జరిగి 23 ఏళ్లు. ప్రధాన నిందితుడిగా పేరుపడినాయన 1989లోనే నక్సలైట్ల చేతిలో చనిపోయాడు. చచ్చినవాడి మీద విచారణ నడవదు గనుక చట్టం లెక్కలో ఆయన నిందితుడే, దోషి కాదు.