దూరపు పెట్టె మన యింటి అరలో

వేటపాలెమునందలి సారస్వత నికేతనము 1918లో వెలసినది. ఆ యూరు గుంటూరు జిల్లాలో నుండి పిదప ప్రకాశము జిల్లాకును, 2022లో బాపట్ల జిల్లాకును మారినను పుస్తకముల బీరువాలు మాత్రము కదలలేదు. పాత పత్రికలు చూడగోరువారే అచటికి పోవుచుందురు. ఇది పాత మార్గము. దూరమున నున్న గ్రంథమును మన కంప్యూటరు అరలోనే యున్నట్లు తెరచి చదువుట క్రొత్త మార్గము. దీనిని మౌంటు చేయుట యందురు. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లోనే ఇట్టి యేర్పాటును కల్పించినది.

పెద్దలారా, మన మిరపకాయల సంగతియే తలచుకొనుడు. బస్తాలు గుంటూరు కోల్డు స్టోరేజిలో నుండును. చీటి మన పెట్టెలో నుండును. మౌంటు చేసిన అర యా చీటి వంటిది. మీరు ఫైలు తెరచినపుడు మీ యంత్రము ఆవలి యంత్రమును కావలసిన భాగము మాత్రమే యడిగి తెచ్చును. అడుగనిది రాదు.

ఆ యడుగుట పెద్ద సంస్థ సర్వరు ద్వారా కావచ్చును. అది సరకును యార్డుకు తోలి మరల తెచ్చుకొనుట వంటిది. లేదా, రైతు పొరుగు రైతు గడపకే పోయి విత్తనము బదులు తెచ్చుకొనునట్లు, యంత్రము యంత్రముతో నేరుగా మాటాడవచ్చును. ఇంటి యంత్రములకు స్థిరమైన చిరునామా యుండదు గనుక, మొదట నొక మధ్యవర్తి ఒకరి జాడ నొకరికి చెప్పి తప్పుకొనును. ప్రతి యంత్రమునకును ఒక రహస్యపు తాళపుచెవియు, నలుగురికి చూపదగిన గుర్తును ఉండును. గుర్తెరిగిన యంత్రమునకే తలుపు తెరచుకొనును.

2001లో బ్రామ్ కోహెన్ కల్పించిన బిట్‌టోరెంట్ వేరు. అందు ఫైలు పలువురి యొద్దనుండి తునకలుగా వచ్చి మన యింట పూర్తి నకలుగా నిలుచును. మౌంటులో నకలు నిలువదు. కరెంటు పోయిన అర తెరచుకొనదు. ఇంతకంటె పెద్ద చిక్కొకటి కలదు.

సత్తెనపల్లిలో మా వియ్యంకులవారు తాతలనాటి తాళపత్రములకు ఫొటోలు తీయించి యింటి కంప్యూటరులో నుంచిరి. హైదరాబాదునందలి కుమారుడు దానిని మౌంటు చేసికొని, చోటు చాలలేదని, ఇవి నకళ్లే గదా యని యొక కట్టను తుడిచివేసెను. చెత్తబుట్టలోనైన పడక, సత్తెనపల్లిలోనే మాయమయ్యెను! తాళపత్రములా, అప్పటికే చెదలు తిని పొడియైనవి. ఫొటోలు తీసిన కుర్రవాని యొద్ద వేరొక డిస్కు ఉండబట్టి దక్కినవి. ఇప్పుడు వారు అరను చదువుటకు మాత్రమే తెరచి యిచ్చుచున్నారు. నకలున్న డిస్కు చీరాలలో చెల్లెలుగారి బీరువాలో నున్నది.