గాజు సైజే కాదు, నాళం సైజూ చూడాలి!

గాజులు వేయించుకునేటప్పుడు సైజు చూసుకుంటాం. బిగువైతే చెయ్యి గీరుకుపోతుంది మరి! గుండెకి యాంజియోగ్రామ్ చేసేటప్పుడూ ఇలాంటి చూపే అవసరం.

ఒకప్పుడు ఈ పరీక్షకి ఎక్కువగా గజ్జల్లోని ధమనిలోంచే గొట్టం పంపేవారు. 1989లో కెనడా డాక్టర్ లూసియన్ కాంపో మణికట్టు దారి చూపించారు. ఇందులో రక్తస్రావం తక్కువ, త్వరగా లేచి తిరగొచ్చు.

అయితే మణికట్టు ధమని వెడల్పు సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లే. ఆడవాళ్లకి సాధారణంగా ఇంకా సన్నం. మామూలుగా వాడే 6 ఫ్రెంచ్ గొట్టం బయటి కొలతే దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు! గొట్టం లావైతే నాళం బిగుసుకుని నొప్పి పుడుతుంది. తర్వాత మూసుకుపోవచ్చు కూడా.

ఆ సైజు ముందే తెలుసుకోవడానికి అల్ట్రాసౌండ్ ఉంది. గర్భిణులకి చేసే స్కానింగ్ లాంటిదే. మణికట్టు మీద జెల్లీ రాసి చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు. నాళం సన్నగా ఉంటే సన్న గొట్టమో, వేరే దారో ఎంచుకుంటారు.

పరీక్షకి ముందు "నా నాళం కొలత చూస్తారా డాక్టర్‌గారూ?" అని మొహమాటం లేకుండా అడగండి. గుండెనొప్పి వస్తే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే!