పశువులంటే ప్రేమ వుంటే పశువైద్యుడు కావచ్చునా?

"మీకు పశువులంటే ప్రేమ గదా, అందుకే యీ చదువులో చేరినారా?" అని చాలామంది అడుగుతుంటారు. అవునంటే సగమే నిజం. మా ఊరివైపు ఇంటర్మీడియట్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా యిదే సందేహంతో ఫోన్లు చేస్తుంటారు. వారికోసమే యీ నాలుగు మాటలు.

మాది ఆసిఫాబాద్ దగ్గర ఒక చిన్న పల్లె. పొలాల అమావాస్యనాడు ఎడ్లను వాగులో కడిగి, కొమ్ములకు రంగులు పూసి, వాటికి తినిపించిన తరువాతనే మా యింట్లో మనుషులు తింటారు. అట్లాంటి యింట్లో పుట్టినవానికి పశువులమీద ప్రేమ ఒకరు నేర్పనక్కరలేదు.

నేను తొమ్మిదవ తరగతిలో వుండగా, వానలు లేని ఒక ఏడు, మా ఎద్దు కోసిన జొన్న మోళ్ళకు వచ్చిన పిలకలు మేసింది. కొద్దిసేపటికే నోట నురగ, ఆయాసం. కాళ్ళు కొట్టుకొంటూ పడిపోయింది. "నాము తగిలింది బిడ్డా" అన్నాడు బాపు. నేను దాని మెడ పట్టుకొని ఏడ్చినాను. అంతకంటె నాకేమీ చేతకాలేదు.

కాలేజీలో చేరినాక తెలిసింది. లేత జొన్నలో, పిలకల్లో, నీటియెద్దడికి వాడిన పైరులో సయనైడ్ పుట్టించే పదార్థం ఎక్కువగా వుంటుంది. ఆ విషం ఎక్కితే రక్తంలో ప్రాణవాయువు వున్నా కణాలు దాన్ని వాడుకోలేవు. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ సకాలంలో నరానికి ఎక్కిస్తే పశువు బతికే అవకాశముంది. ఆనాటి నా ఏడ్పుకూ యీ తెలివికీ మధ్య ఏండ్ల చదువు వున్నది.

ఆ చదువు ఎట్లాంటిదో చెబుతాను. బి.వి.యస్సీ. అండ్ ఎ.హెచ్. కోర్సు ఐదున్నర సంవత్సరాలు. అందులో చివరి యేడాది ఇంటర్న్‌షిప్. 2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం క్రింద రాజేంద్రనగర్‌లోనూ, కోరుట్లలోనూ కాలేజీలున్నాయి. చదువు పూర్తిచేసి, 1984 నాటి చట్టం ప్రకారం పేరు నమోదు చేసుకొన్న తరువాతనే వైద్యం చేయాలి.

మొదటి యేడు అనాటమీ హాలులో ఫార్మలిన్ వాసన మధ్య నిలబడినప్పుడే నాకు తిరిగి పోవాలనిపించింది. ఇంటర్న్‌షిప్‌లో అంతకంటె కష్టమైనది ఎదురైంది. ఒక బర్రెకు దూడ అడ్డం తిరిగింది. తల్లిని దక్కించడానికి చచ్చిన దూడను గంటసేపు లాగి తీసినాము. అప్పుడు రైతు ముఖంలోకి చూడవలసి వచ్చింది. ఆ బర్రెమీద అప్పు వున్నది. రోగి పశువే గాని, నిర్ణయం యజమానిది, ఖర్చు కూడా ఆయనదే. మనిషి కష్టం వినలేనివాడు యీ వృత్తికి పనికిరాడని ఆనాడు అనిపించింది.

మరొక మాట. ప్రేమతో యిచ్చిన మందే ప్రాణం తీయవచ్చు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్, చచ్చిన గొడ్డును తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేస్తుందని 2004లో శాస్త్రజ్ఞులు తేల్చినారు. అప్పటికే రాబందులు లక్షల్లో నశించినాయి. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. మా జిల్లా పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు కట్టుకొన్నాయని విన్నప్పుడల్లా, ఒక సూదిమందు ఎంతదూరం పోతుందో గుర్తుకు వస్తుంది.

అందరూ డాక్టర్లే కానక్కరలేదు. రెండేండ్ల పశుసంవర్ధక డిప్లొమా వుంది. పాడి, కోళ్ళ పరిశ్రమ, అడవుల శాఖ వున్నాయి. వేరే ఉద్యోగం చేసుకొంటూ యింట్లో రెండు ఆవులను పెంచుకొన్నా ప్రేమకు లోటురాదు.

బాపుకు మాత్రం నేను పట్నంలో కుక్కల దవాఖాన పెడితే బాగుండునని వుంది. ఆదాయం అందులోనే ఎక్కువ, కాదనను. అయినా మా మండలానికి పోవాలనే అనుకొంటున్నాను. జొన్న పైరు పూతకు రాకముందు మేపవద్దని చెప్పే మనిషి ఒకడు అక్కడ వుండాలి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! దరఖాస్తు పెట్టేముందు మీ దగ్గరి పశువైద్యశాలలో పది రోజులు నిలబడి చూడండి. పేడ, నెత్తురు, చావు, రైతు కన్నీరు అన్నీ చూడండి. పదకొండో రోజు పొద్దున కూడా పోబుద్ధి అయితే, నిశ్చింతగా చేరండి.