సొర పది నిలువులు, తెప్ప నాలుగు దుంగలు

లోకంలోకెల్లా పెద్ద చేప అనకాపల్లి గుమ్మం దాకా వచ్చింది! 2021 డిసెంబరులో తంతడి ఒడ్డున చిక్కుకున్న వేల్ షార్కును అటవీ సిబ్బంది, జాలర్లు కలిసి తిరిగి నీళ్లలోకి పంపారు. ఈ జాతి సొర 18 మీటర్ల దాకా పెరుగుతుంది. ఆరడుగుల మనుషులు పదిమందిని వరసగా పడుకోబెట్టినంత పొడవు! నోరు నాలుగైదు అడుగుల వెడల్పు. తినేదేమో నలుసులు.

అతి వేగం? తెరచాప రెక్క ఉన్న కొమ్ముకోనాం. పాత పుస్తకాలు గంటకు 110 కి.మీ. అన్నాయి. ఈమధ్య కొలిచినవాళ్లు 40 లోపే ఆపేశారు. పూడిమడక జాలర్లకు ఈ అంకెలతో పనిలేదు. 2025 జూలైలో గాలానికి పడ్డ కొమ్ముకోనాం ఒకటి జాలరినే సముద్రంలోకి లాక్కుపోయింది.

ఇంత సంద్రం మీదికి వెళ్లే అతి చిన్న వాహనం తెప్ప. నాలుగైదు దుంగలు, కాస్త తాడు, అంతే. తమిళుల కట్టుమరం ఇంగ్లీషువాళ్ల నోట కెటమరాన్ అయి ప్రపంచం చుట్టింది. మన తెప్ప ఇంటిపట్టునే ఉండి, ఇప్పుడు ఫైబరు పడవకు చోటిచ్చింది.

మేకు లేని పడవ మసూలా. పలకలను కొబ్బరితాడుతో కుట్టేవారు. కెరటం కొడితే మేకు ఊడుతుంది, కుట్టు వంగి ఊరుకుంటుంది. 19వ శతాబ్దంలో మద్రాసులో ఓడ దిగిన దొరలు ఇందులోనే ఒడ్డెక్కారు, బొమ్మలూ గీశారు.

మన పాత ఓడ బొమ్మ అరచేతిలో ఇమిడిపోతుంది. 2వ శతాబ్దపు శాతవాహన సీసపు నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ. వయసు 1,800 ఏళ్ల పైమాటే.

సముద్రపు నవలల్లో బాహుబలి అమెరికావాడు మెల్విల్ రాసిన మోబీడిక్. 1851లో వచ్చింది, 135 అధ్యాయాలు. అందులోని స్పెర్మ్ తిమింగిలానికి ప్రాణుల్లోకెల్లా బరువైన మెదడు, సుమారు 8 కిలోలు. మనది కిలోన్నర లోపే. తిమింగిలం చేపేనని కథకుడి వాదన. పాలిచ్చే చేప కాబోలు!

అతి ఒంటరి జాలరి, చిత్రకారుడు విన్‌స్లో హోమర్ 1885లో గీసిన ‘ద ఫాగ్ వార్నింగ్’లో ఉన్నాడు. చిన్న పడవ, వెనక పెద్ద హాలిబట్, దూరాన ఓడ, దాన్ని మింగబోయే పొగమంచు. ఇంత భయమూ నాలుగడుగుల వెడల్పు గుడ్డలో.

రేవుకు దగ్గరగా పుట్టిన మహా రచయిత గురజాడ. 1862, ఎస్.రాయవరం. అదే మండలంలో రేవుపోలవరం తీరం. 1892లో రంగమెక్కిన ఆయన నాటకం కన్యాశుల్కం మాత్రం అగ్రహారాలు, విజయనగరం వీధులు తిరిగింది గానీ తెప్ప ఎక్కలేదు.