ట్రాక్టర్ పొగ: పరీక్షలో ఒక లెక్క, తోటలో ఇంకో లెక్క



పోయిన పంటలో, నాలుగో జ్వరం లేచిన పురుగులకు ఆకు తెచ్చి షెడ్ వాకిట్లోనే ట్రాక్టర్ నిలిపినాము. బ్యాటరీ వీక్‌గా ఉంది, ఆపితే మళ్లీ స్టార్ట్ కాదేమోనని ఇంజిన్ ఆపలేదు. ఆకు దించేదానికి అరగంట పట్టింది. లోపలికి పోతే షెడ్ నిండా డీజిల్ వాసన! కిటికీలన్నీ తెరిచి, గాలి మారేదాకా మేత వేయలేదు.

పురుగుకు మన మాదిరి ముక్కు లేదు. ఒంటికి రెండు పక్కలా ఉండే 9 జతల రంధ్రాలతోనే గాలి పీలుస్తుంది. అందుకే పొగ అంటే మనకు భయం.

మరి బండి పొగ పరీక్ష పాసయిందే అంటారు. ఆ పరీక్ష ఎట్ల చేస్తారో చూద్దాం.

*పరీక్ష గదిలో*
ఇంజిన్‌ను డైనమోమీటర్ అనే యంత్రానికి బిగించి 8 రకాల లోడ్లలో నడుపుతారు. ఒక్కో లోడులో ఇంజిన్ నిలకడకు వచ్చినాకే కొలుస్తారు. ఒక కిలోవాట్-గంట పనికి ఎన్ని గ్రాముల పొగ అనేది లెక్క. ఇందులో ఊరికే తిరిగే ఐడ్లింగ్ వాటా 15 శాతమే. ఆకు దించే రోజు మన బండి ఎంతసేపు ఊరికే తిరుగుతుందో మీకే తెలుసు.

*తోటలో*
రోటవేటర్ దింపగానే లోడు ఒక్కసారిగా పడుతుంది. డీజిల్ ఎక్కువ పోతుంది, దానికి తగినంత గాలి అందదు, నల్లపొగ వస్తుంది. సాలు చివర తిప్పుకునేటప్పుడు లోడు తగ్గిపోతుంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ వేడి తక్కువ, డీజిల్ పూర్తిగా కాలదు. దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుంటే ఇంకా కష్టం.

ఈ తేడా పట్టేదానికే పెమ్స్ అనే పరికరం ఉంది. దాన్ని పని చేసే బండి మీదే బిగిస్తారు. సైలెన్సర్ నుంచి వచ్చే పొగ ఎంత, అందులో ఏ వాయువు ఎంత అని క్షణక్షణం రాసుకుంటుంది. జీపీఎస్ కూడా ఉంటుంది కాబట్టి బండి ఎక్కడ, ఎప్పుడు ఎక్కువ పొగ వదిలిందో తెలుస్తుంది. యూరప్‌లో 56 నుంచి 560 కిలోవాట్ల ఇంజిన్లను పనిలో ఉండగా ఇట్ల కొలవాలని నిబంధన పెట్టినారు. 56 కిలోవాట్లంటే సుమారు 75 హెచ్‌పీ.

మన దేశంలో 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్ 4 నిబంధన వచ్చింది. మల్బరీ సాళ్లలో తిరిగే చిన్న బండ్లు అప్పుడు ఆ లెక్కలోకి రాలేదు. కాబట్టి మన జాగ్రత్త మనదే.

*మనం చేయగలిగింది*
1. ఆకు దించేటప్పుడు ఇంజిన్ ఆపండి. బ్యాటరీ బాగు చేయించుకోండి. మేమూ మార్చినాము.
2. బండిని షెడ్‌కు దూరంగా, గాలి షెడ్ వైపు కొట్టని పక్క నిలపండి.
3. పొగ రంగు చూడండి. నల్లపొగ ఆగకుండా వస్తే ఎయిర్ ఫిల్టర్, నాజిల్ చూపించండి. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. వేడెక్కినాక కూడా తెల్లపొగ వస్తే మెకానిక్‌కు చూపించండి.
4. పొగ కనపడలేదంటే ఏమీ రాలేదని కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ఇంజిన్ నడిపితే మనిషి ప్రాణమే పోతుంది.

మీ షెడ్ వాకిట్లో బండి ఎక్కడ నిలుపుతారో గ్రూపులో రాయండి. తోటి రైతులకూ ఇది పంపండి.