రీఫ్ ట్యాంకు నీళ్లు: అపోహలు – వాస్తవాలు

ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టి పగడాలు పెంచాలనుకునేవాళ్లు ముందు అడిగేది ‘ఏ ఫిల్టర్ కొనాలి?’ అని. దుకాణానికో జవాబు దొరుకుతుంది. అందులో చాలావరకు మంచినీటి చేపల అనుభవంతో చెప్పేవే. గోల్డ్‌ఫిష్ హాయిగా తిరిగే నీళ్లలో పగడం రోజుల్లోనే చచ్చిపోతుంది. అందుకే ఫిల్టర్ కంటే ముందు ట్యాంకులో పోసే నీళ్ల గురించి మాట్లాడుకోవాలి.

అపోహ: ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు పోస్తే చాలు.

చాలవు. మన ఇళ్లలోని ఆర్‌ఓ యంత్రాలు తాగడానికి తయారైనవి. నీళ్లు చప్పబడకుండా ఉండాలని కొన్ని యంత్రాలు శుద్ధి చేసిన నీటిలో ఖనిజాలు మళ్లీ కలుపుతాయి. కొన్నిటిలో టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల కొలత) కంట్రోలర్ తిప్పితే పూర్తిగా శుద్ధి కాని నీళ్లు కొన్ని వచ్చి కలుస్తాయి. అన్నిటికంటే ప్రమాదం రాగి కలిపే ‘కాపర్’ మోడళ్లు. చేపలకు పట్టే పరాన్నజీవులను చంపడానికి విడి ట్యాంకులో వాడే మందు రాగే. అదే రాగి అతి కొద్ది మోతాదులో ఉన్నా రొయ్యలను, నత్తలను, పగడాలను చంపేస్తుంది.

ఖనిజాలు కలపని ఆర్‌ఓ అయినా పని సగమే. మంచి పొర నీటిలో కరిగిన పదార్థాల్లో 90 నుంచి 98 శాతం దాకా ఆపుతుంది. మన బోరు నీళ్ల టీడీఎస్ లీటరుకు 1000 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. 95 శాతం ఆగినా ఇంకా 50 మిగిలే ఉంటుంది. 200 లీటర్ల ట్యాంకులో ఎండాకాలం రోజుకు 3 లీటర్లు ఆవిరైతే నెలకు 90 లీటర్లు పోయాలి. ఆ లెక్కన నెలకు నాలుగున్నర గ్రాముల కరిగిన పదార్థం ట్యాంకులోకి చేరుతుంది. నీరు ఆవిరైపోతుంది, అది మాత్రం ఉండిపోతుంది. అందులో సిలికా ఉంటే గాజు మీద, ఇసుక మీద గోధుమరంగు పొర కడుతుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ ఉంటే నాచు కమ్మేస్తుంది.

ఆర్‌ఓ తర్వాత డీఐ (డీఅయనైజేషన్) రెసిన్ దశ కావాల్సింది ఇందుకే. అక్కడి నుంచి వచ్చే నీళ్లలో టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. ఒకటో రెండో కనిపించిందంటే రెసిన్ మార్చే వేళయినట్టే. బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉన్న ఇళ్లలో రెసిన్ త్వరగా అయిపోతుంది. కార్పొరేషన్ నీళ్లు వచ్చేచోట వాటినే పట్టుకోవడం మంచిది. వాటిలోని క్లోరిన్‌ను ముందుండే కార్బన్ దశ ఆపుతుంది.

అపోహ: తగ్గిన మేరకు ఉప్పునీళ్లే పోయాలి.

ఉప్పు ఆవిరి కాదు. రోజూ పోయాల్సింది డీఐ నుంచి వచ్చిన మంచినీళ్లే. నీళ్లు మార్చినప్పుడు మాత్రమే ఉప్పునీళ్లు.

అపోహ: విశాఖ బీచ్ నుంచి క్యాన్లలో తెచ్చుకుంటే అంతకంటే అసలైన నీళ్లు ఏముంటాయి?

రీఫ్ ట్యాంకులో ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు, నిలకడగా ఉండాలి. బంగాళాఖాతంలోకి గోదావరి, కృష్ణ మొదలుకొని గంగ వరకు పెద్ద నదులన్నీ వచ్చి కలుస్తాయి. వానాకాలంలో, ఆ తర్వాత కొంతకాలం తీరం దగ్గర నీటి ఉప్పుదనం బాగా పడిపోతుంది. ఊరి మురుగు, హార్బర్ నూనె ఉండనే ఉన్నాయి. ఇంట్లో కలుపుకునే రీఫ్ ఉప్పులో లీటరుకు కాల్షియం 400 మిల్లీగ్రాముల పైన, మెగ్నీషియం 1300 దరిదాపుల్లో వచ్చేలా తయారు చేస్తారు. పగడం తన అస్థిపంజరం కట్టుకోవడానికి కాల్షియం కావాలి. వంట ఉప్పు కలిపితే ఇవేవీ రావు.

అపోహ: పెద్ద క్యానిస్టర్ ఫిల్టర్ పెడితే నిశ్చింత.

రీఫ్ ట్యాంకులో అసలు ఫిల్టర్ రాయి. 1961లోనే ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే పెద్దమనిషి లైవ్ రాక్ (బ్యాక్టీరియా నిండిన సముద్రపు రాయి), గాలిబుడగలతోనే ఉప్పునీటి ట్యాంకు నడపవచ్చని రాసి చూపించారు. తర్వాత బెర్లిన్ అభిరుచిపరులు దానికి ప్రొటీన్ స్కిమ్మర్ జతచేశారు. ఈనాటికీ ఎక్కువ మంది నడుపుతున్నది ఆ ‘బెర్లిన్ పద్ధతే’. చేప వదిలే అమ్మోనియాను రాతి పైభాగంలోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారుస్తుంది. ప్రాణవాయువు అందని లోపలి సందుల్లో వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపేస్తుంది.

క్యానిస్టర్ స్పాంజిలో చిక్కుకున్న మలం, మిగిలిపోయిన మేత అక్కడే కుళ్లి నైట్రేట్‌గా మారుతుంది. వారానికోసారి విప్పి కడిగే ఓపిక ఉంటే పరవాలేదు, చాలామందికి ఉండదు. ఇంకో సంగతి మన ఊళ్లవాళ్లు మరిచిపోకూడదు. కొన్ని గంటల పాటు కరెంటు పోతే మూసి ఉన్న క్యానిస్టర్‌లో ప్రాణవాయువు అడుగంటి, లోపలి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ చెడిన నీళ్లు నేరుగా ట్యాంకులోకి వస్తాయి. కరెంటు పోయినప్పుడు క్యానిస్టర్ కంటే బ్యాటరీ మీద నడిచే చిన్న ఎయిర్ పంపే ట్యాంకును కాపాడుతుంది.

అపోహ: స్కిమ్మర్ ఉంటే నీళ్లు మార్చక్కర్లేదు.

బెల్లం వండేటప్పుడు మడ్డి నురగతో పైకి తేలినట్టు, స్కిమ్మర్‌లో సన్నని బుడగలకు నీటిలోని సేంద్రియ పదార్థాలు అంటుకుని పైనున్న కప్పులోకి చేరతాయి. కప్పు విప్పి చూస్తే డికాషన్ రంగు నీళ్లు, ముక్కు మూసుకోవాల్సినంత కంపు. అదంతా కుళ్లి అమ్మోనియా కాకముందే బయటికి వచ్చేసిందన్నమాట. స్కిమ్మర్ గొప్పతనం అదే. నీటికి ప్రాణవాయువునూ పట్టిస్తుంది. కానీ అప్పటికే నైట్రేట్‌గా మారినదాన్ని అది తీయలేదు. పగడాలు వాడుకున్న కాల్షియాన్ని తిరిగి ఇవ్వలేదు. రెండు వారాలకోసారి పదో వంతు నీళ్లు మార్చడానికి బదులు స్కిమ్మర్ కాదు.

యూవీ దీపం గురించి ఒక్క మాట: దాని గుండా వెళ్లిన క్రిములనే అది చంపుతుంది. చేప ఒంటి మీద అప్పటికే అంటుకున్న తెల్లమచ్చల జబ్బు దానితో తగ్గదు.

అపోహ: నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా ఉంటేనే నీళ్లు శుభ్రం.

ఈ నమ్మకంతోనే చాలామంది రియాక్టర్లు, రెసిన్లు, మందులు అన్నీ ఒకేసారి బిగిస్తారు. పగడాలకూ వాటి కణజాలంలో బతికే నాచుకూ ఈ రెండూ కాస్త కావాలి. పూర్తిగా తుడిచేస్తే పగడాలు రంగు వెలిసి పాలిపోతాయి. పోటీ లేని ఇసుక మీద డైనోఫ్లాజెలేట్లు జిగురు తీగల్లా అల్లుకుంటాయి, వాటిని వదిలించుకోవడం మామూలు నాచును వదిలించుకోవడం కంటే చాలా కష్టం. నా మటుకు నైట్రేట్ లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాముల మధ్య ఉంటే దాని జోలికి వెళ్లను.

అపోహ: సముద్రం నుంచి తీసిన రాయే పనిచేస్తుంది.

ఎండు రాయితోనూ అంతే బాగా నడుస్తుంది, వేచి ఉండాలంతే. బ్యాక్టీరియా సీసా పోసి, కొద్దిగా అమ్మోనియా ఇచ్చి, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే మొదటి చేపను తేవాలి. పైగా మన దేశంలో 2001 నుంచి రాతి పగడాలన్నీ, నల్ల పగడాలూ, సీ ఫ్యాన్లూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్‌లోనే. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో కొట్టి తెచ్చిన పగడాన్ని, పగడం అంటుకున్న రాయిని ఎవరైనా చవగ్గా ఇస్తామంటే కొనకండి.